డెబ్బై మూడు

రుయా ఆస్పత్రి మందుల కిటికీలో
నేనిచ్చేది పీల్చే మందు,
చూసేది డబ్బా వెనక అంకె.

చెంగల్రాయుడిది సున్నా.
నెల తిరక్కముందే వస్తాడు,
జేబులో బీడీకట్ట కనపడకుండా
చెయ్యడ్డం పెట్టుకొని.

పెండ్లాం కుప్పమ్మది డెబ్బై మూడు.
మూణ్ణెల్లుగా అదే అంకె.
"ఏమ్మా, పీల్చలేదా?"
"ఆయనది అయిపోతే ఉంటాదని
బియ్యం డబ్బాలో దాచిపెట్టినా సార్."

ఇరాలలో ముప్పై ఏండ్లు
బెల్లం పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసిన మనిషి.
బీడీ ముట్టలేదు గదా,
రెండేండ్లు చీటీలో ఉత్త దగ్గుమందే.

ఇక్కడే పీల్చమన్నా.
వరసలో మగోళ్లను చూసి
గోడవైపు తిరిగింది, కొంగు చాటున.

టిక్కుమనింది.
డెబ్బై రెండు.

"అయ్యో, ఒకటి తగ్గిపాయనే"
అనింది, ఊపిరాడినాక.