శారీ గార్డు

షోరూము అద్దం పక్కన, మధ్యాహ్నం ఎండ పడే చోట
పద్నాలుగు నెలలుగా నిలబడి ఉంది.
రంగు బ్రోచర్లో కాఫీ గోధుమ,
కావలి ట్రంకురోడ్డు దుమ్ములో
పాత బెల్లం.

పొద్దున్నే దాన్ని తుడిచేది నేనే.
ట్యాంకు మీద నా మొహం తేలేదాకా తుడిచి
రిజిస్టర్లో సంతకం పెడతాను: పెంచలదేవి, సేల్స్.
పక్కనున్న ఎర్ర బండ్లు వారానికి రెండు పోతాయి
దండలేసుకుని, నిమ్మకాయలు తొక్కుకుంటూ.
దీని చక్రం కింద మాత్రం
ఇంతవరకూ ఏ నిమ్మకాయా చావలేదు.

కుర్రాళ్ళు వస్తారు. సీటు మీద అరచెయ్యి వేస్తారు.
"ఇంత పొడుగేందక్కా, పాల క్యాన్లకా?"
"మా నాయన బండి ఇట్టానే ఉంటది."
నాయన మాట వచ్చిందంటే
ఆ బేరం ఇక లేనట్టే.

చెన్నై నుంచి కంపెనీ మనిషి దిగాడు.
యువత, యువత అని
టీ తాగేలోపు పద్దెనిమిది సార్లు అన్నాడు.
వేరే పనిలేక లెక్కపెట్టాను.
క్యారియరు పీకించాడు. శారీ గార్డు విప్పించాడు.
ట్యాంకుకి ఒక పక్క పులిగోళ్ళు, ఇంకో పక్క మంట
స్టిక్కర్లు అంటించాడు.
కాలేజీ గేటు దగ్గర గొడుగేసి టోపీలు పంచాం.
టోపీలు అయిపోయాయి.
బండి మళ్ళీ వ్యానెక్కి వచ్చింది,
మీసానికి రంగేసుకుని పెళ్ళిచూపులకు పోయొచ్చిన మేనమామలా.
రాత్రి షట్టరు దించుతుంటే
దాని తరఫున నాకు సిగ్గేసింది.

కార్తీకంలో, ముసురు పట్టిన రోజు,
ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఒక అబ్బాయి వచ్చాడు.
కాళ్ళ మీద గుంటమట్టి ఎండి తెల్లగా చారలు.
పామంజి శివకోటి, ఇరవై రెండేళ్ళు,
తుమ్మలపెంట కాడ రొయ్యల గుంటల మీద పని.
పులిగోళ్ళని చూడలేదు. మంటని చూడలేదు.
"కిక్కురాడ్డు ఉందా అక్కా?"

ఉంది అన్నాను. పద్నాలుగు నెలల్లో
ఎవరూ అడగని ప్రశ్న.

"ఉప్పుగాలికి బ్యాటరీ నిలవదు.
రాత్రి రెండింటికి ఏరియేటర్ ఆగిందని ఫోనొస్తే
సెల్ఫు కుయ్ కుయ్ అంటా కూర్చుంటే
నేను బొయ్యేలోపు రొయ్య తేలిపోద్ది."

నేల మీద మోకాలేసి
ఇంజను కిందికి జాన పెట్టి కొలిచాడు, గట్టు గుంతల కోసం.
మేతబస్తాలు రెండు పడతాయా అన్నాడు.
తరవాత ఎడమ పక్క చూసి,
"ఈడ ఇనప చట్రం ఒకటి ఉండాల గదా?"
శారీ గార్డు, ఆడోళ్ళ చీర చక్రంలో పడకుండా, అన్నాను.
"చీరెవురికి? చెక్ ట్రే తగిలిచ్చుకుంటా."

గోడౌన్లో సాలెగూళ్ళు దులిపి
గార్డూ క్యారియరూ నేనే మోసుకొచ్చాను.
అతను గోటితో స్టిక్కర్లు లాగుతున్నాడు.
పులిగోళ్ళు వచ్చేశాయి. మంట సగంలో చిరిగింది.
"పోనీలే, ఉండనీ."

కంపెనీ నుంచి ఫారం వచ్చింది:
యువ కస్టమరును ఆకర్షించిన అంశం ఏది?
డిజైను, బ్లూటూతు, స్టిక్కర్లు, టోపీ.
నాలుగే గళ్ళు.
కిక్కురాడ్డుకి గడి లేదు, రాత్రి రెండింటికీ లేదు.
ఓనరు స్టిక్కర్ల గడిలో టిక్కు పెట్టి పంపించాడు.

నెల తిరక్కుండా శివకోటి మళ్ళీ వచ్చాడు,
సైలెన్సరు తుప్పు పట్టిందని పోట్లాడటానికి.
అరవడానికి తోడు ఇద్దరు స్నేహితులు.
ఒకడు నిజంగానే అరిచాడు.
రెండోవాడు అరవడం మర్చిపోయి
బయట ఆ బండెక్కి కూర్చున్నాడు.
"అక్కా, ఒకసారి కొట్టనా?"

కొట్టమన్నాను.
మొదటి దెబ్బకే అందుకుందని చెప్పాలని ఉంది.
సేల్స్‌లో ఉన్నదాన్ని, అట్టా చెప్పడమే నాకు అలవాటు.
మూడో దెబ్బకి అందుకుంది.