అంట

రాజమండ్రి సెషన్సు కోర్టులో నేను దుబాసీని.
నెలకి నలభై రెండు రూపాయలు,
పంకా గాలి సగం తగిలే చోట ఓ ముక్కాలిపీట.
సాక్షి తెలుగులో ఏడిస్తే
జడ్జీగారికి ఇంగ్లీషులో ఆరబెట్టి అందించాలి.
ఆయన అరవదేశం వారు.
తెలుగు వినగలరు, నమ్మలేరు.

ముద్దాయి ఉండవిల్లి జోగిజగన్నాథరావు గారు.
యుద్ధానికి ముందు మంత్రి,
యుద్ధంలో సరఫరా కమిటీకి పెద్ద.
బోనులో ఆయనకి కుర్చీ వేశారు.
కుర్చీ సంగతి రికార్డులో లేదు.

జపాను వాడు దిగుతాడని
రేవుల్లో పడవలన్నీ పగలగొట్టమన్న ఏడు
కొత్తరేవు లంకలో పల్లెవాళ్ళు అడ్డం పడ్డారు.
వాళ్ళని ధాన్యం కొట్లో పెట్టి తాళం వేయించారని,
ఆ రాత్రే వశిష్ఠ పొంగిందని అభియోగం.
తడిసి ఉబ్బిన వడ్లు
తలుపుని లోపల్నించి బిగించేశాయి.
పదకొండు మంది.

"వరదకి సమన్లు పంపలేం కదా"
అన్నాడు మద్రాసు బారిస్టరు.
కోర్టు నవ్వింది. నేనూ కొంచెం.

ఆరో సాక్షి పెసింగి గంటాలమ్మ.
గోదారి మీద ప్రమాణం చేస్తానంది.
కుదరదు, దేవుడి మీద చెయ్యమన్నారు.
"రెండోవాణ్ణి నేనెరగనండి" అంది.
అది నేను తర్జుమా చెయ్యలేదు.

"కొట్టుకాడికి మోటారొచ్చిందండి.
పెద్దయ్యగోరు దిగేరండి.
తాళం ఏసెయ్యమన్నారంటండి.
తాళంచెవి జేబులో ఏసుకెళ్ళిపోయేరంటండి."

అంట.

ఆ అంట ఏమిటో నాకు తెలుసు.
కామందు పేరెత్తగానే
తలగుడ్డ చంకలోకి దిగినట్టు
మాట చివర దిగే అంట.
రెండు కళ్ళతో చూసిందాన్నే
వీధిలో ఎవరో చెబితే విన్నట్టు
ఓ అడుగు వెనక్కి వేసి చెప్పే అంట.
మొగుడి చావు కూడా
"పోయేడంటండి" అనే చెప్పింది.
కొట్లోంచి అతన్ని ఈడ్చుకొచ్చిందీ
నోట్లోంచి వడ్లు తీసిందీ తనే.

జడ్జీగారు కలం ఎత్తి నా వైపు చూశారు.
ఇంగ్లీషులో అంటకి వేరే గది లేదు.
"అని చెప్పుకుంటారు"
అన్నదొక్కటే ఖాళీగా ఉంది.
అందులో పెట్టాను.
వ్యాకరణం వరకూ ఏ తప్పూ లేదు.

"అయితే ఇదంతా విన్నమాటేగా?"
అని అడిగించాడు బారిస్టరు.
ఆవిడ కుర్చీలో ఉన్నాయన పాదాల వంక చూసి
"ఆయ్" అంది.

ఆయ్ అంటే అవునని.
ఆయ్ అంటే చిత్తమని.
ఆయ్ అంటే, నాయనా,
నన్నింక దిగనియ్యమని.
మొదటిదే చెప్పాను.
అదే పొట్టిగా ఉంది.

తీర్పు నూట పద్నాలుగు పేజీలు.
ముద్దాయి నిర్దోషి.
మెట్ల మీద దండలు, మందుగుండు.
ఆయన నా దగ్గర ఆగి, భుజం తట్టి
"మీ ఇంగ్లీషు బహు శుభ్రంగా ఉంది పంతులుగారూ"
అన్నారు.
ఆ చెయ్యి బరువుగా లేదు.
ఉంటే బాగుండును.

గోడవారన గంటాలమ్మ.
మధ్యాన్నం నించీ అక్కడే నిలబడి ఉంది.
"ఇంగిలీసులో సదివేరు.
ఏవన్నారండి?"

నేను జడ్జీగారి పక్కనే కూర్చుని
ఆ మాట నా చెవులారా విన్నాను.
అయినా నోరు తెరిస్తే
"వదిలేశారంట" అని వచ్చింది.

ఆవిడ నా మొహంలోకి చూసింది,
అన్నాళ్ళ విచారణలో మొదటిసారి.
"తవరు లోపలే ఉన్నారు కదండీ"
అంది.

రేవులో లాంచీ కూత వేసింది.
ఆవిడ టిక్కెట్టు కొనలేదు.
ధవళేశ్వరం లాకులు దాటి, కాలవ గట్టుమ్మట
కొత్తరేవు దాకా
నడిచే పోయిందంట.

ఇది మాత్రం
నేను చూళ్ళేదు.