నాలుగు గంటల గోడ

బత్తాయి గోదాం ఇది ఒకప్పుడు.
పానగల్లు రోడ్డు మీది లారీలు
వెనక్కి వెనక్కి వచ్చి వాకిట్ల ఆగేవి.
ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ.
ఎన్ని కోట్లు వేసినా
వానకాలంల గోడ ఇంకా పుల్లగ వాసనొస్తది.

నా పని తెలుపు.
ఒక ప్రదర్శన దిగినంక, ఇంకోటి ఎక్కకముందు
రెండు రోజులు గోడలన్నీ నావి.
మొలల బొక్కల్ల లప్పం పెడత,
ఉప్పుకాగితంతోని రుద్దుత,
ఏమీ జరగనట్టు తెల్లగ చేస్త.

ఈ తెలుపు కింద ఏమేమున్నయో నన్నడగుండ్రి.
మర్రిగూడ దిక్కు పిలగాడు ఉపేందరు
వంకరపోయిన మోకాళ్లను బొగ్గుతోని గీసిండు, నిలువెత్తు.
పక్కన బోరింగు నీళ్ల సీసా, మూత బిగించి.
చూసినోళ్లెవరూ ఆ పూట దూపయితుందనలే.
మిర్యాలగూడ షాహెదా
ఊక బస్తాల మీద వాళ్లమ్మ చేతులు అచ్చేసింది.
వారం దాక ఊక రాలుతనే ఉండె.
చేటెడు ఊడ్చి, పారెయ్యాల్నా దాచాల్నా అని
ఫోన్ చేసి అడిగిన.
"అదీ బొమ్మనే అన్నా" అని నవ్వింది.
ఆ చేటెడు ఇంకా నా దగ్గరనే ఉంది.

తెరిచే నాడు సమోసాలు, శాలువలు,
కలెక్టరాఫీసు నుంచి ఎవరో ఒకరు.
అమ్ముడైన బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటిస్తరు.
ఖాయమైన పిల్ల లెక్క
ఆ బొమ్మ ఆ పొద్దంత తల దించుకున్నట్టుంటది నాకు.

నేను గూడ రాసినోన్నే.
మైసయ్య ఆర్ట్స్, గడియారం సెంటరు, మెట్ల కింద.
కిరాణం, కల్లు డిపో, కంటి డాక్టరు,
సర్పంచుకు నిలబడ్డ ప్రతోడి పేరు.
ఓడినంక సున్నమేసి చెరిపింది గూడ నేనే.
ఫ్లెక్సు మిషను వచ్చిన ఏడాది
నా కుంచెలు కిరసనాయిల్ల నానుకుంట నానుకుంట
వెంట్రుకలిడిసినయి.

అందుకే, ఎవరికి చెప్పకుండ్రి,
పడమటి కిటికీకి ఎదురుంగ ఉన్న గోడ మీద
తెల్ల డిస్టెంపరు ఆరినంక
తెల్ల ఎనామిలుతోని రాస్త.
తెలుపు మీద తెలుపు.
నజీర్ సైకిల్ టాక్సీ. గంటకు రూపాయి కిరాయి.
పైసలు తీసుకొని నేను రాసిన మొదటి బోర్డు.
ఎదురుంగ నిలబడితే ఏం లేదు.
పొద్దు వంగి, వెలుగు అడ్డంగ పడితే
తడి లెక్క మెరుస్తది,
పావుగంట.
మెరుస్తదని తెలుసు, చూసింది లేదు.
అది ఆరేలోపే ఎవరిదో బొమ్మ వచ్చి
దాని మీద కూసుంటది.

ఈసారి దేవరకొండ తండా నుంచి కేతావత్ సోనా.
ముంపుల పోయిన చెలకల పహాణీ నకళ్ల మీద
నాయనమ్మ లంగ అద్దాలు కుట్టుకొచ్చింది.
నిచ్చెనెక్కి, టేపు సాగదీసి
ఆ గోడ దిక్కు మల్లింది.
నాలుగయింది.
శాన సేపు ఏమనలే.
చేతిల టేపు దానంతటదే సర్రున లోపలికి పోయింది.

ఆ గోడ ఖాళీగ ఇడిసిపెట్టింది.
"జాగ వేస్టయితుంది గదమ్మా" అన్నడు ఓనరు.
"నాలుగింటి దాక ఆగుండ్రి" అన్నది, గంతే.

ఆగిండ్రు.
భుజాల మీద శాలువలు, చేతులల్ల సమోసలు.
కిటికీల నుంచి కొంత, ఆమె అద్దాల నుంచి కొంత,
వెలుగు పోయి గోడకు తాకింది.
ఒక్కొక్క అక్షరం లేసి కూసుంది.
ఎవరో ముసలాయన, "అరె, మన నజీరు!
ఒక్క బండికి బ్రేకులుండకపోతుండె" అన్నడు.
ఇంకెవరో ధర అడిగిండ్రు.
సోనా వెనక్కి మల్లి నా కోసమే దేవులాడుతుంది.

నేను రంగు డబ్బాల పక్కన నిలబడి
చెమటలు పట్టి సూస్తున్న.
కిరాయిల దీర్ఘం పడలే.
ఈసారేనా, ఇన్నేండ్లూ ఇట్లనే రాసిన్నా?

పొద్దు ఇంకా కిటికీ చువ్వల మీదనే ఉంది.
సన్న కుంచె ఏడ పెట్టిన్నో.