ఒక్క మెట్టు

సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు కట్టేశాక
ఇంజను చల్లారే టిక్కుటిక్కులకి
కాలు ఆడిస్తారు జకరయ్య గారు.
"అదే తాళం. మొదలెట్టు."

డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి.
ఎనిమిది నెలలుగా ఇవే మూడు.
కార్డుని గుప్పిట పట్టడం వచ్చింది,
గింజగింజగా వొలవడం రాలేదు.
స్కేలు మాత్రం గడగడా అప్పజెబుతాను,
కిందనించి పైకి, పైనించి కిందికి,
నేను చింపే టికెట్ల నంబర్లలా.
ఆయన వినరు. జేబులో బీడీ వెతుక్కుంటారు.

"ఏరంతా నీళ్ళేరా అబ్బాయ్,
నీళ్ళన్నీ తాగి దాటుతామా?
కార్డులో నాలుగు స్వరాలూ నాలుగు గుంజలు.
తాడు దేనికి వెయ్యాలో ముందు చూసుకో.
నడుమ నీ ఇష్టం."

పొద్దున పోటులో ఆయన పంటు నడిపిన తీరు:
నరసాపురం కేసి కాదు, సముద్రం కేసి ముక్కు తిప్పి,
పక్కకి నెట్టే పని నీటికే వదిలేసి,
వచ్చి వచ్చి సరిగ్గా రేవులో ఆనించడం.

అలా వేశాను.
డి దగ్గర బయల్దేరి, ఎఫ్, ఏ, సి,
నాచు పట్టిన మెట్ల మీద పాదాల్లా వేళ్ళు.
జి సెవెన్ రాగానే జారాను.
జి షార్ప్.
పంటికింద రాయి.

"ఆపకు! కింద మెట్టుంది!"

ఒక్క మెట్టు దిగాను.
ఈలోగా సి వచ్చి
ఆ జి ని తనదే అన్నట్టు పక్కన కూచోబెట్టుకుంది.

ఆయన మెచ్చుకోలేదు.
"రేపు ఇంకోటి తప్పు," అన్నారంతే.

అవతలి ఒడ్డున బండి లైటు రెండుసార్లు వెలిగి ఆరింది.
పంటు తప్పిపోయిన వాడెవడో.
తిట్టుకుంటూనే లేచారు.
ఇంజను అందుకుంది,
బి ఫ్లాట్‌కి ఓ వెంట్రుకవాసి కింద.