నిలువు పదిహేడు

ఆదివారం
తిరుపతి నుంచి వచ్చే తెలుగు పేపరు
పాండీబజారు మలుపులో ఒక్క కొట్లోనే దొరుకుతుంది,
అదీ పది దాటాక, నాలుగే కాపీలు.
ఒకటి నాది. మిగతా మూడూ ఎవరు కొంటారో
ఏడేళ్ళుగా తెలీదు.
చివరి పేజీలో పదమూడు పదమూళ్ళ గళ్ళు.
టీ చల్లారేలోపు అడ్డాలు సగం అయిపోయాయి.
"ఇంద్రుడి తోట, ఎటు నుంచి నడిచినా అదే."
నందనం!
రోజూ నేను బస్సు మారే స్టాపు.
ఇన్నాళ్ళూ వెనకనుంచి చదవనే లేదు.

సోమవారం
సాలిగ్రామంలో, గోడలకి దుప్పట్లు కొట్టిన గదిలో
అత్తగారికి గొంతిచ్చాను.
నాలుగు వందల పన్నెండో భాగం,
పాయసంలో ఏదో కలుపుతోంది.
"వేండాం" అని ఆవిడ పెదాలు మూసేస్తుంది,
నా "వద్దు" ఇంకా తెరుచుకునే ఉంటుంది.
"ఊహూం" అన్నాను. అతికింది.
అద్దం అవతల ఇళంగో బొటనవేలెత్తాడు.
ఒకరి నోటి గళ్ళలో నా అక్షరాలు నింపితే
జీతమిస్తారు,
పేపరు గళ్ళకి ఇవ్వరు.

మంగళవారం
"లత వెనుదిరిగి దిండెక్కింది." తల.
"అటు ఒరిగినా ఇటు ఒరిగినా ఒకటే, చిన్న నిద్ర."
కునుకు అని రాసి, తీశాను కూడా.
లేచేసరికి ఇళంగో
పాత టికెట్లు మడిచి బస్సు చేస్తున్నాడు.
స్టీరింగు చొక్కా గుండీ.
"ఇందులో ఎప్పుడూ సీటుంటుంది, ఉంచుకోండి" అన్నాడు.

బుధవారం
నిలువు పదిహేడు.
"ఉతికినకొద్దీ వదలదు, పడుతుంది." నాలుగక్షరాలు.
రెండోది 'రు'.
మురికి కాదు, మరక కాదు.
"బాకీ" అంది నా గదిలో ఉండే కుందన,
క్రోషే సూది పళ్ళమధ్య పెట్టుకుని.
రెండు గళ్ళు మిగిలిపోతాయే పిల్లా!

గురువారం మేచ్.
సిక్సరు ముందు పై అంతస్తు టీవీలో పడుతుంది,
అర నిమిషం తర్వాత కింది ఫోన్లలో.
మెట్లమీద కూర్చుంటే
ఒకే సంతోషం నాలుగుసార్లు.

శుక్రవారం
కొత్త సినిమా, మొదటి ఆట, కాగితాల వాన.
హీరోయిన్‌కి గొంతు నా పాత స్నేహితురాలు రేవమ్మది.
ఆమె పేరు పడే వేళకి
జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.
నేనూ కుందనా నిలబడి చప్పట్లు కొట్టాం,
ఊడ్చే అతను మమ్మల్ని చూసి చీపురు ఆపాడు.
ఇంటికొచ్చి పదిహేడు దగ్గర మళ్ళీ కూర్చున్నాను.
'నోరు' అని మొదలుపెట్టి చెరిపేశాను.

శనివారం
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇస్త్రీ బండి.
వజ్రవేలు నిప్పులు విసురుతూ
"ఏమ్మా, ఏందో యోచనగా ఉండావే" అన్నాడు.
మూడు తరాలుగా ఈ ఊరే.
ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది అరవం.
మన అక్షరాలు ఆయనకి జంతికల్లా కనిపిస్తాయట.
చదివి వినిపించాను.
చేతిలో పంచె విదిలించి, వెలుతురుకి పట్టి చూపించాడు,
తెలుపు కాదు, ఎరుపు కాదు,
పలచటి ఇటుక పొడి రంగు.
"నీర్కావి. ఏట్లో ఉతికితే దిగతాది.
మా అవ్వ చెప్పేది.
పేపరోళ్ళు దీన్ని కూడా అడగతారా?"
నాలుగు గళ్ళూ వరసగా నిండాయి.
సరిపోయిందని చెబితే ఆయన
అప్పటికే రెండో మడత పెడుతున్నాడు.

ఆదివారం
కొత్త పేపరులో పాత జవాబులు, తలకిందులుగా.
బండి దగ్గరికి పట్టుకెళ్ళాను.
"యాడ రాసుండాది?"
వేలు పట్టుకుని పెట్టాను: నీ, రు, కా, వి.
కాసేపు అక్కడే ఉంచాడు,
వేడి చూసినట్టు.
తీశాక చూస్తే చివరి గడి
బొగ్గు ముద్రతో నల్లగా మూసుకుపోయింది.
"అయ్యో, పాడుజేస్తినే" అన్నాడు.
గళ్ళన్నాక నల్లవి ఉండాల్సిందే అన్నాను.
పెట్టె పక్కకి జరిపి, నడుం వాల్చి,
"సరే, ఒకటి అడ్డం చదువు" అన్నాడు.