చెంప మీద గాటు

కురుపాం మార్కెట్లో కరెంటు పోయిన మధ్యాహ్నం
ఎల్లాయమ్మ రొంటిన ముడి విప్పి
నా త్రాసు పళ్ళెంలో ఒక ముఖాన్ని పడేసింది.
"తొట్లకొండ కింద, వాన ఎలిసినాక దొరికినాది బాబూ.
కరిగించి మా మనవడికి కడియం సేసియ్యి."

మూడు గ్రాముల చిల్లర.
కడియం మాట దేవుడెరుగు, కాలి మట్టెకే చాలదు.

కుంకుడు రసంలో బ్రష్షు ముంచి తోమాను.
మసి కింద నుంచి మొదట ముక్కు లేచింది,
తర్వాత తల చుట్టూ ఆకులు,
గెలిచినవాడు కట్టుకునే రెమ్మ.
అంచున అక్షరాలు. నాకు రావు, ఆమెకీ రావు.
సముద్రం దాటితే పేరు ఎవరూ చదవరని
ఆ చక్రవర్తికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వెనక్కి తిప్పితే ఇద్దరు కుర్రాళ్ళు,
మధ్యన ఆనించిన డాళ్ళు, బల్లేలు.
ఆమె వంగి చూసి ఒకటే నవ్వు:
"మా మరుదులిద్దరూ గావాల!
పడవ పంపకాలకి నిలబడ్డట్టే ఉన్నారు, తెడ్లట్టుకొని."
బల్లేలు అనబోయి ఊరుకున్నాను.
తెడ్లే కావచ్చు.

అప్పుడు కనబడింది చెంప మీద గాటు.
పగ కాదు, ఉలి.
కొంచెం ఏటవాలుగా, మణికట్టు బిగించి,
మా నాన్న నాకు నేర్పిన వాటం.
ఓడ దిగిన వర్తకుడు ఎదురుగా చెమట తుడుచుకుంటుంటే
ఈ ఒడ్డునే ఏ పాకలోనో కూర్చుని
నాలాంటివాడొకడు
దేవుడంతటివాడి దవడ కోసి చూశాడు.

భూతద్దం పెట్టాను.
గాటు లోపల ఎర్రగా, రాగి.
పైన ఉల్లిపొరంత వెండి.

ఆ పూట అతనేం చేశాడో.
బేరం చెడగొట్టాడా,
నోరు మూసుకుని పుచ్చుకున్నాడా,
కొండ మీది భిక్షువుల పాత్రలో వేసి
పుణ్యం కింద చెల్లించేశాడా.

"వెండి కాదమ్మా, పూత" అన్నాను.
ఆమె ఏమీ కుంగిపోలేదు.
"అంత దూరం నుంచొచ్చి ఇదేటి!
నాను సేపకి మొప్ప ఎత్తి సూస్తాను.
ఆడెవుడో గాని, మొప్ప ఎత్తినాడు."
కాసేపాగి,
"అయితే బొక్కెట్టియ్యి. మొలతాడుకి కడతాను."

ఆకుల పైన, రెండు అక్షరాల మధ్య ఖాళీ చూసి
బరమా తిప్పాను.
కూలి కింద కాగితంలో
నాలుగు ఎండు నెత్తళ్ళు పెట్టి వెళ్ళింది.
ఇంకా కొట్టంతా అదే వాసన.

ఈపాటికి మంగమారిపేట ఇసుకలో
ఏడాది పిల్లాడి బొడ్డు కింద ఊగుతూ ఉంటాడు,
వాడు నీళ్ళ వైపు పాకినప్పుడల్లా
ముందు తనే తడుస్తూ.