బండ కింది లెక్క

వచ్చే నెలకి పెద్దగుడికి నున్నటి టైల్స్ పడాలంట.
సాములోరు టేపు నా చేతికిచ్చి
"పాతబండలు లేపెయ్ శౌరప్పా" అన్నారు.
నలభై ఏండ్లుగా జిల్లా అంతా బండలు పరిచినోణ్ణి,
ఈ గుడి బండకి మాత్రం
మోకాళ్ళు తప్ప గడ్డపార ఆనించింది లేదు.

గడప కాడ మొదలుపెట్టినా.
మా ఊరి పేరే గడప.
ఇది నడుమ అరిగి దోసిలి మాదిరి అయింది,
చినుకు పడితే పిచ్చుకలు దిగి నీళ్ళు తాగతాయి.
దీన్ని రేపు చూద్దాంలే అనుకోని లోపలికి పోయినా.

తలెత్తితే కప్పు.
ఎండ్రిక్కు సాములోరు సముద్రాలవతల తన ఊరిని తల్చుకోని గీసిందంట,
మంచు జారిపోవల్లని అంత ఏటవాలు.
కడపలో జారేది ఎండ ఒకటే,
అప్పుడప్పుడు పావురాల రెట్ట.
కమానులు చేతులు జోడించినట్టు ఉంటాయంటారు చూసినోళ్ళు.
నాకెప్పుడూ
గంజికి చాపి, తాగి, బోర్లించిన దోసిళ్ళే అనిపిస్తాయి.

ధాత కరువులో కట్టినారు మరి.
మొగోనికి అణాన్నర, ఆడమనిషికి అణా,
రాళ్ళేరే పిల్లోళ్ళకి ముంతెడు గంజి.
ఎద్దుల గానుగలో సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం.
బెల్లం!
మా జేజికి వాళ్ళ జేజి చెప్పిందంట:
పొద్దుగూకినాక పిల్లోళ్ళు పోయి
తడారని గోడని నాకేవోళ్ళని,
నాలికలు పొక్కినా మళ్ళీ పోయేవోళ్ళని.
మేస్త్రీ చూసినాడు, కొట్టలేదు.
తెల్లారి అదే తావున ఇంకో పూత పూసినాడు.
ఉత్తరం గోడకి నా నడుమెత్తున
గచ్చు ఈపొద్దుకీ కొంచెం ఉబ్బెత్తు.
చెయ్యి పెట్టి చూసినా.
నిజంగానే ఉందో, నా చెయ్యి అట్ల అనుకునిందో.

నడవకి అడ్డంగా ఒక మచ్చ,
చుట్టూ బండలు నల్లగా, ఆ జానెడు మేర తెల్లగా.
రంగుటద్దం ఎరుపు సాయంత్రం దాన్ని దాటి పోతాది,
దానికి తెలీదు పాపం.
అది మోకాలెత్తు గోడ ఉన్నిన జాగా.
పీఠం పక్క పెద్దకులాలోళ్ళు, తలుపు పక్క మేము.
"నా బిడ్డను ఆ గోడ మీద నిలబెట్టి పూజ చూపించేదాన్ని,
ఆ మాత్రానికి పనికొచ్చిందిలే" అనేది జేజి.
ఒక ఈస్టరుకి ఉండె, ఇంకో ఈస్టరుకి లేదు.
ఎవురు పడగొట్టిందీ గుడి పుస్తకంలో రాయలేదు.
రాయప్ప జేజినాయనని అడిగితే
ఎప్పుడూ వాతావరణం గురించి మాట్లాడేవాడు.

తొలిబండ లేపినా.
ఇసక, చల్లదనం, ఒక ముసలి తేలు.
తిరగేస్తే ఉలి గీట్లు!
కోడికాలు. కొడవలి. మూడు నిలువు గీట్లు.
బండ ఎవురు కొట్టిందీ తెలియాలని
వడ్డె పనోళ్ళు పెట్టుకున్న గుర్తులు,
సంతకం రానోళ్ళ సంతకాలు.
కూలి ముట్టినంక గుర్తు మీద అడ్డంగా ఒక కొట్టేత.
ఒకటొకటే తిరగేస్తా పోయినా, అన్నిటికీ కొట్టేతే.
పదిహేడో బండ మీద కోడికాలుకి మాత్రం లేదు.

దాని మీద మోకాళ్ళూనే కదా ఇన్నేండ్లు
మా అప్పులు మన్నించమని అడిగింది.
కింద అది వింటానే ఉండింది.

సాములోర్ని పిలిచి చూపించినా.
గొంతుక్కూచ్చోని బొటనవేలితో తడిమినారు.
"టైల్స్ లారీ బయల్దేరింది శౌరప్పా" అన్నారు.
తర్వాత చానాసేపు లేవలేదు.

ఆ ఒక్క బండని మళ్ళీ పరిచినా, తిరగేసి,
కోడికాలు పైకొచ్చేటట్టు, గడపని ఆనుకోని.
వచ్చేటోళ్ళు తొక్కతారు. తొక్కనీ.
తొక్కితే అరుగుతాది, అరిగితే తీరుతాదేమో.
తీరదేమో. నాకు లెక్కలు రావు.
మట్టం పెట్టి చూసినా,
నీటిబుడగ నడుమకొచ్చి నిలబడింది,
అంతవరకే నా పని.